వాలిన చోటు

“నన్ను ఫొటో తీయొద్దు సార్,” అంటూ శివకుమారి చున్నీని మొహం మీదికి లాక్కుంది. ఎడమ చేతిని మాత్రం కదపలేదు. కదిపితే పురుగు ఎగిరిపోతుందని ఆ సారు ఒకటే బతిమాలుతున్నాడు మరి.

ఒంటెలకు వేద్దామని ఎండుగడ్డి మోపు విప్పుతుంటే రెక్కల పురుగొకటి వచ్చి ఆమె చేతి మీద వాలింది. పిట్టల ఫొటోల కోసం అల్ షహానియా వచ్చిన ఫరీదుద్దీన్ దోహాలో సైన్సు మాష్టారు. దాన్ని చూశాక ఆయన కాళ్లు నేల మీద నిలవడం లేదు.

“ఇది ఖతర్‌లో కనిపించినట్టు ఇప్పటిదాకా ఎక్కడా లేదమ్మా. ఒక్క ఫొటో.”

“ఆ ఇంటోళ్ల కంట పడితే మళ్లా ఆడికే ఈడ్చకపోతారు సార్.”

“అల్ వక్రాలో ఇంటిపని సార్. కొడతాంటే తట్టుకోలేక నా కాడికొచ్చేసింది,” అన్నాడు ఒంటెలు కాసే ఆమె అన్న గిరి. “కాగితాలొస్తానే ఊరికి పంపిచ్చేస్తా. అందాక ఎవురికీ తెలీగూడదు.”

“మొహం తీయను, పేరు రాయను. అల్లా మీద ఒట్టు.” కెమెరా దగ్గరికి తెచ్చి ఆగాడు. “ఈ మచ్చేంటమ్మా?”

“గంజి పడింది సార్.”

“మంచిదే అయింది. అచ్చం పురుగు రంగే. అందుకే కదలకుండా కూర్చుంది.”

మాష్టారు మాట తప్పలేదు. తెలుగు సంఘం గ్రూపులో పెట్టిన ఫొటోలో పురుగూ, చెయ్యీ, రెక్కల కింద నుంచి తొంగిచూసే మచ్చ కొసా తప్ప మరేం లేవు. గిరి ఫోనులో అది చూసి శివకుమారికి గుండె కుదుటపడింది. కాస్త గర్వం కూడా కలిగింది.

“నా చెయ్యి గూడా ఫొటోకెక్కిందన్నా,” అని నవ్వింది.

శుక్రవారం మాష్టారి కారు మళ్లీ వచ్చింది. గిరి ఒంటెలతో బయటికెళ్లి ఉన్నాడు.

“మా సంఘంలో మేడం ఒకావిడ వచ్చారమ్మా. ఆ పురుగు ఎక్కడ వాలింది, ఎవరి చేతి మీద అంటూ ఒకటే ఫోన్లు. పురుగులంటే అంత ప్రాణం,” అని సంబరంగా చెప్పి, ఆయన గడ్డిమోపుల వెనక వెతకడానికి వెళ్లాడు.

కారు దిగినావిడ తిన్నగా వచ్చి శివకుమారి ఎడమ చెయ్యి పట్టుకుంది. బొటనవేలితో మచ్చని మెల్లగా రుద్దింది.

“పురుగునెవరు చూశారే,” అంది మేడం, నవ్వు చెరగనివ్వకుండా. “ఇస్త్రీపెట్టెతో నేను పెట్టిన వాత నేను గుర్తుపట్టనా?”