మొగుడి పేరుకు పది పాయింట్లు

మల్లేశు కోపమంతా రాజ్‌కిరణ్ మీదే. తెలుగింట్లో పుట్టి, డాక్టరీ చదువుతూ, మల్లేశు పెళ్ళాం కాళమ్మకు మతి సరిగా లేదని కాగితం మీద రాశాడు.

దీవిలోని అబర్డీన్ బజార్‌లో చేపల గంప ముందు కళ్ళు తిరిగి పడిపోతే ఆమెను ఆసుపత్రికి తెచ్చారు. తెలివిలో ఉందో లేదో చూడాలని రాజ్‌కిరణ్ మొగుడి పేరు అడిగాడు. ఆమె తల దించుకుంది. మళ్ళీ అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతే, రాసేశాడు.

వారం తర్వాత మల్లేశు తిన్నగా కాలేజీలో రాజ్‌కిరణ్ క్లాసులోకే వచ్చాడు.

"మా పేట మిన్నీ బేలో అందరూ మా ఆడదాన్ని పాగల్ అంటన్నారు. మొగుడి పేరు ఆడది నోటితో సెప్తాదేటి? మీ అమ్మ సెప్తాదా?"

రాజ్‌కిరణ్ లేచి, అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు. ఇంకెవరూ అలా చేయకూడదనే దాన్ని ఆటగా తయారుచేశామని, ముందు మీరే ఆడి చూడమని పాఠం చెప్పే స్వాతి మేడమ్ మల్లేశు చేతికి టాబ్ ఇచ్చింది. ఆటలో అతనే డాక్టరు. తెర మీద చేపలమ్మే ఆడమనిషి, పక్కన మొగుడు.

మేడమ్ చదివి వినిపించింది. ఆమె మొగుడి పేరు చెప్పడం లేదు. మతి లేదని రాస్తారా, ఇంకో ప్రశ్న వేస్తారా?

మల్లేశు రెండోదాన్ని నొక్కాడు. పది పాయింట్లు వచ్చాయి.

"సూసినావా డాక్టరు బాబూ. నాలుగో క్లాసు సదివినోడికొచ్చిన పది నీకు రానేదు."

క్లాసంతా నవ్వింది.

రెండో ప్రశ్న. ఆమెకు నెలసరి ఆగడం లేదు, ఒంట్లో రక్తం లేదు. ఎన్నాళ్ళ నుంచో ఎవరిని అడుగుతారు? మొగుణ్ణా, అతన్ని బయటికి పంపి ఆమెనా?

మొగుడుండగా ఆడదాన్ని అడగడమేమిటని మల్లేశు మొగుడి బొమ్మ మీద వేలు పెట్టాడు. బొమ్మ "రెండు దినాలైనాది" అంది. వారం కింద కాళమ్మ మంచం పక్కన నిలబడి మల్లేశు చెప్పిన మాట కూడా అదే.

తప్పు జవాబని తెర ఎర్రబడింది. టాబ్‌లోంచి, తర్వాత రాజ్‌కిరణ్ విడిగా అడిగి రికార్డు చేసిన కాళమ్మ గొంతు వినిపించింది.

"ఎనిమిది నెలలైనాది రాజ్‌కిరణ్ బాబూ. సెప్పబోతే, సేపల ఏటకెల్లేటప్పుడు ఏటీ గోలంటాడు. నన్నొక్కదాన్నీ కూకోబెట్టి అడిగినోడివి నువ్వే. ఇది ఆయనకీ ఇనిపించు. నా నోటంట అయితే ఇనడు."

ఎవరూ నవ్వలేదు. మల్లేశు తల దించుకున్నాడు.

ఆట అయ్యాక ఆడినవాళ్ళ పేరు రాయాలి. రాజ్‌కిరణ్ మెల్లగా అడిగాడు.

"మీ పేరు చెప్పండి భయ్యా."

మల్లేశు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మళ్ళీ అడిగినా చెప్పలేదు. తెర మీద పేరు చోటు ఖాళీగానే ఉంది. దాని కింద, వచ్చిన పదీ పోయి, సున్నా.