తిట్లు వినే పని

అనకాపల్లిలో దుకాణాలన్నీ యంత్రాలే నడుపుతున్న రోజులవి. మనుషులకు మిగిలిన పని ఒక్కటే, కోపంతో వచ్చినవాళ్ల తిట్లు వినడం. యంత్రాన్ని తిడితే ఎవరికీ కసి తీరదు. అందుకే హైస్కూలు వాళ్లు ఊళ్లోని దుకాణాలతో ఒప్పందం కుదుర్చుకుని, పదో తరగతి పిల్లల్ని మధ్యాహ్నాలు అక్కడికి పంపి ఆ పని నేర్పిస్తున్నారు.

తన్విక ఫ్రిజ్‌ల దుకాణంలో నేర్చుకుంటోంది. ఆ రోజు ఒకావిడ ఏడుస్తూ వచ్చింది. కొత్త ఫ్రిజ్ ఆగిపోయి కొడుకు ఇన్సులిన్ పాడైంది. తెలియక అదే ఇస్తే పిల్లాడు ఆసుపత్రి పాలయ్యాడు. ఆవిడ తిడుతూ తన్విక భుజాలు పట్టుకుని కుదిపేసింది. తన్విక తల వంచుకుని అంతా విన్నది. ఆవిడ అలిసిపోయి వెళ్లాక దుకాణం యంత్రం తెర మీద తన్వికకు పూర్తి మార్కులు పడ్డాయి. ఉద్యోగం ఖాయమైంది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ సంబరపడింది. అన్నం వడ్డిస్తూ జరిగినదంతా చెప్పించుకుంది.

"అయితే ఆ గుంటడికి ఇప్పుడెలాగుందే?"

"నానడగలేదమ్మా."

"అదేటే?"

"మనం వినాలంతే, ఏదైనా అడిగితే మార్కులు కోసేస్తారు. అయినా, అడగాలని కూడా అనిపించలేదు."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. తన్విక కాసేపు ఎదురుచూసి, కూర చల్లారిపోతోందని తనే వడ్డించుకుంది.