గాలం దారం

నాంపల్లి స్టేషన్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ కదలడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఎస్-5 బోగీ ముందు జయరాజ్ కొత్త గాలం దారాన్ని ఎడమ చేతికి నాలుగు చుట్లు చుట్టి, బిగించి చూపిస్తున్నాడు.

"గిట్ల పట్టాలె బావా. హిమాయత్‌సాగర్ల పది కిలోల బొచ్చె చేపను గిట్లనే గుంజిన. జారే ముచ్చటే లేదు."

బావ హెర్బర్ట్‌కు ఆబిడ్స్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. సముద్రాన్ని ఆయన సినిమాల్లో తప్ప చూడలేదు. జయరాజూ అంతే, కానీ ఒప్పుకునే రకం కాదు. దోస్తు వెంకీని కలుపుకొని విశాఖలో పడవ మాట్లాడుకున్నారు. నడిసముద్రంలో నాలుగు రోజులు వేట.

"తమ్ముడు జర పైలం," అని హెర్బర్ట్ భార్య కేథరిన్ నాలుగోసారి చెప్పింది. తల్లి పోయాక జయరాజ్‌ను పెంచింది ఆమే.

అంతలో మాసిన లుంగీతో ఒక ముసలాయన వచ్చి ఆగాడు. బోగీ నంబరు చూశాడు. సామాన్లు చూశాడు. జయరాజ్ చెయ్యి చూశాడు.

"సేతికి సుట్టకు బాబూ!" అని అరిచాడు.

"నీకెందుకు బే? నీ తొవ్వ నువ్వు పో!"

ముసలాయన పోలేదు. మొలలోంచి చిన్న కత్తి తీసి దారాన్ని టక్కున తెంపేశాడు.

జయరాజ్ పిడికిలి అతని మూతి పగలగొట్టింది. కత్తి ఎగిరి పట్టాల మీద పడింది. ముసలాయన నెత్తురు ఉమ్మి, ఏదో చెప్పబోతూ చొక్కా జేబులోకి చెయ్యి పోనిచ్చాడు.

"ఇంకో కత్తి తీస్తుండు! కొట్టుండ్రి!" అన్నాడు వెంకీ.

ఇక చూడాలి వాళ్ల పౌరుషం. ముగ్గురు కలిసి ఒక్కణ్ణి కింద పడేసి తన్నారు. ఆదివారం చర్చిలో కీర్తనలు పాడే హెర్బర్ట్ బూటు కూడా ఆ డొక్కలో దిగింది. లోపల ఏదో విరిగింది.

"ఇడిచిపెట్టుండ్రి! చచ్చిపోతడు!"

కేథరిన్ అడ్డం పడితే గానీ ఆగలేదు. కిందపడ్డవాడి చేతికి రెండు వేళ్లు లేవని చూసింది ఆమె ఒక్కతే.

రైలు కూత వేసింది. ముగ్గురూ ఎక్కేశారు.

"హైదరాబాదోళ్లంటే ఏందనుకున్నడు!" అని జయరాజ్ కిటికీలోంచి నవ్వాడు.

విశాఖ రేవులో వాళ్ల కోసం ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు.

"పడవ నడిపే పెద్ద సరంగు రాలేదండీ. ఓనరుగారు నన్ను వెళ్లమన్నారు."

"ఎవరైతేంది? పోనియ్," అన్నాడు జయరాజ్.

మూడోరోజు పొద్దున దారం ఒక్కసారిగా బిగుసుకుంది. మనిషికన్నా పొడుగు చేప నీళ్లలోంచి లేచి పడింది.

"బావా, దొరికింది!"

ఆ కేక పూర్తి కాకముందే నాలుగు చుట్లూ మణికట్టు కోసుకుంటూ ఎముకదాకా దిగాయి.

"కొయ్యి బావా! కొయ్యి!"

హెర్బర్ట్ చేతిలో కత్తి లేదు. కుర్రాడు కత్తి కోసం అటు పరుగెత్తాడు. అతను తిరిగొచ్చేసరికి చేప గుంజిన గుంజుకు జయరాజ్ తల పడవ అంచుకు కొట్టుకుని పగిలింది. మనిషి నీళ్లలోకి పోయాడు. ఆ మేర నీళ్లు కాసేపు ఎర్రగా కనిపించాయి. సాయంత్రం దాకా వెతికినా శవం కూడా దొరకలేదు.

తిరుగు ప్రయాణమంతా హెర్బర్ట్‌కు ఒక్కటే మాట చెవిలో మోగింది. సేతికి సుట్టకు బాబూ.

నాంపల్లి ప్లాట్‌ఫారం మీద కేథరిన్ తెల్లచీరలో నిలబడి ఉంది. విశాఖ నుంచి ఫోను ముందే వచ్చింది.

"ఆ ముసలాయన్ని ఎతకాలె కేథరిన్. కాళ్ల మీద పడాలె."

"ఎతకనక్కర్లేదు. మీరు పోయిన దినమే నేను దవాఖానల చేర్పించిన. మొన్న పాణం పోయింది."

హెర్బర్ట్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఆ దినం జేబులకెంచి ఆయన తీస్తున్నది గిదే," అంటూ ఆమె నెత్తురు ఎండిన ఉత్తరం ఇచ్చింది.

పడవ యజమాని రాత.

'సరంగు ఎల్లాజీకి, నువ్వు హైదరాబాదులో కూతుర్ని చూసి తిరిగివచ్చే రైల్లోనే, ఎస్-5లో, ఆబిడ్స్ హెర్బర్ట్ గారు, ఇంకో ఇద్దరు వస్తున్నారు. సముద్రం తెలియనివాళ్లు, దారం పట్టడం దగ్గర్నుంచి అన్నీ నేర్పి, నీ పడవలో నువ్వే భద్రంగా తీసుకెళ్లి తీసుకురా.'