గురుప్రసాద్ కోసం వచ్చినవాడు

తలుపు తీసేసరికి చూడామణికి ఎదురుగా మేక తలకాయ వేలాడుతోంది.

ఇంకా రక్తం కారుతోంది. నిన్నటి ముగ్గంతా ఎర్రబడింది.

"అమ్మో!" అని ఆవిడ పెట్టిన కేకకు వీధిలో మనిషొకడు ఆగాడు. నలభై ఏళ్లుంటాయి. బండరాయిలాంటి ఒళ్లు. భుజాన గుడ్డసంచి.

"బయపడకండమ్మా. నాను తీస్తాను."

తీసి అవతల పారేశాడు. గుమ్మం కడిగాడు. రక్తమంటే బొత్తిగా జంకు లేదు మనిషికి.

"గురుప్రసాద్ గారిల్లు ఇదేనేటమ్మా?"

చూడామణి చప్పున గుమ్మానికి అడ్డం నిలబడింది.

నౌపడలో ఆవిడ వీణ టీచరు. ఊరికి అంతవరకే తెలుసు. ఇరవై ఏళ్లుగా గురుప్రసాద్ పేరుతో డిటెక్టివ్ శతానంద్ నవలలు రాస్తున్నది ఆవిడేనని ఒక్క పబ్లిషరుకే ఎరుక. పాఠకుల ఉత్తరాలకి గురుప్రసాద్ పేరున ఇచ్చిన అడ్రసు మాత్రం ఈ ఇంటిదే. శతానంద్ 2091లో పోలీసు. ఆకాశంలో జీపు నడుపుతాడు. పక్కన ఇనప కుక్క. ముప్ఫై నవలల్లో ముప్ఫై కేసులు తేల్చాడు. ముప్ఫయ్యొకటోది వారపత్రికలో సీరియల్‌గా వస్తోంది. తంటా అంతా దాంతోనే.

కిందటేడు ఉప్పు మళ్లలో పనిచేసే జగ్గమ్మ మొగుడు మాయమయ్యాడు. కాంట్రాక్టరు కూర్మయ్యే చంపించాడని జగ్గమ్మ నెత్తీనోరూ బాదుకున్నా ఎవరూ వినలేదు. ఇప్పటి పోలీసుకి పట్టకపోతే రేపటి పోలీసుకైనా పడుతుందని చూడామణి కసికొద్దీ ఆ కథే ఎత్తుకుంది. చదివినవాళ్లంతా కూర్మయ్య వంక వేలు చూపిస్తున్నారు. ఇక మిగిలింది హంతకుణ్ణి బయటపెట్టే ఆఖరి భాగం. అది అచ్చయితే గురుప్రసాద్‌ని నరికేస్తామని ఫోన్లు. ఇప్పుడు ఈ మేక తల.

"ఆయన ఊళ్లో లేరు," అంది.

"పర్నేదు. వచ్చేదాక కూకుంటాను."

"ఎప్పుడొస్తారో తెలీదు."

"నాకు మాత్రం ఏటి పనుంది?"

అరుగు మీద కూలబడ్డాడు. పిచ్చి అభిమాని గాబోలు! వదిలించుకుందామని మొదటి నవల తెచ్చి పడేసింది.

"ఇది చదువుకుని వెళ్లు."

వెళ్తేగా! అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. మర్నాడొచ్చి రెండోది అడిగాడు. ఆ తరవాత మూడోది. టీ ఇస్తే గ్లాసు చేతికివ్వకుండా అరుగు మీద పెట్టేది చూడామణి. పేరైనా అడగలేదు.

ఓ రోజు కిటికీ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఈ పోలీసు ఎవుల్నీ కొట్టడేటి?"

"కొట్టడు. ఎదుటివాడు చెప్పేది వింటాడు."

"దొంగోడు సెప్పినా?"

"వాడు చెప్పేదే ముందు వింటాడు."

"అలగ ఇనీవోడు నాకొక్కడూ తగల్నేదమ్మా." పుస్తకం మూశాడు. "ఆకర్న ఆయన్ని కూడా సంపీస్తారేటి?"

"చంపనయ్యా బాబూ, చంపను!"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. చూడామణి నాలిక్కరుచుకుంది.

అతను ఆవిడ వంక చాలాసేపు చూశాడు. సంచి దగ్గరికి లాక్కున్నాడు.

"రేపు పిల్లలకి పాటం ఎట్టకండమ్మా. తలుపేసుకోండి."

"నా ఇంట్లో నాకు చెప్పడానికి నువ్వెవరివయ్యా? రేపణ్ణుంచి ఈ అరుగెక్కకు!" కస్సుమంది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ హాజరు. ఒళ్లో ఏడో నవల. చూడామణికి ఒళ్లు మండిపోయింది. ఇవాళ కడిగేద్దామని లేచేసరికి ఇంటి ముందు రెండు బైకులు ఆగాయి. ముగ్గురు దిగారు. చేతుల్లో కత్తులు.

అతను చటుక్కున లేచి తలుపు లాగి బయట గొళ్లెం పెట్టేశాడు.

"గురుప్రసాద్ ఎవుడ్రా?"

"నానే."

"నువ్వా?"

"నానేరా. రండి."

మొదటి వేటు భుజం మీద పడింది. రెండోది మెడ మీద. "ఆయన కాదు, నేను!" అని కిటికీ ఊచలు పట్టుకుని చూడామణి అరిచింది. ఆ గోలలో ఎవడికి వినబడుతుంది? గొడ్డుని నరికినట్టు నరికారు. పడిపోయినా ఆపలేదు. తలుపు కిందనుంచి రక్తం ఇంట్లోకి పారింది.

వాళ్లు బైకులెక్కేశారు. ఆవిడ దొడ్డిదారిన చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చి అతని తల ఒళ్లో పెట్టుకుంది.

"ఎందుకయ్యా ఇంత పని చేశావు?"

"ఆకర్ది... రాసీండమ్మా. ఎవులు సంపేరో... రాసీండి."

అంతే.

పారిపోతున్న బైకుల్లో ఒకటి మలుపులో జారింది. ఊరివాళ్లు ఒకణ్ణి పట్టుకుని చావబాదారు. వాడు నోరు విప్పాడు. సాయంత్రానికి కూర్మయ్య లాకప్పులో ఉన్నాడు.

ఎస్సై రమేష్‌బాబు సంగతులు చెప్పడానికి వచ్చాడు.

"వాడి సంచిలో మూరెడు కత్తి ఉందండి. నూరి పెట్టుకున్నాడు. తియ్యనే లేదు!"

"వాడు అనకండి." చూడామణికి దుఃఖం ఆగలేదు. "గ్లాసైనా చేతికివ్వలేదండీ నేను. పేరేమిటో ఆయనకి?"

"పోతురాజు. శృంగవరపుకోట వైపు మనిషి."

ఎస్సై తటపటాయించాడు. ఇంకా ఏదో ఉంది.

"చెప్పండి బాబూ."

"శవం ఫొటో కూర్మయ్యకి చూపించామండి. చూసి తల బాదుకున్నాడు."

"ఏమన్నాడు?"

"'గురుప్రసాద్‌ని సంపమని వారం గడువెట్టి మొదట నాను పంపింది ఈడినే' అన్నాడండి."