చివరి బొమ్మలో లేనిది

పెద్దవాళ్ళెవరూ పట్టించుకోని ఒక పాప గురించి ఒక చిత్రకారిణి నవ్వించే బొమ్మల పుస్తకం గీసింది. అచ్చుకు వెళ్ళేముందు ఆమె, సంపాదకుడు బొమ్మలన్నీ బల్లమీద పరిచి, పడీపడీ నవ్వుతూ సరిచూస్తున్నారు.

"అమ్మా, చివరి బొమ్మలో..." అంటూ ఎనిమిదేళ్ళ కూతురు ఆమె చెయ్యి లాగింది.

"ఉండవే, పనిలో ఉన్నాంగా!"

పిల్ల మరో రెండుసార్లు నోరు తెరిచింది. సంపాదకుడు పిల్ల చేతిలో బిస్కెట్టు పెట్టి పక్కగదిలోకి పంపేశాడు.

ఆవిష్కరణ సభలో విమర్శకుడు చివరి పేజీ ఎత్తి చూపించాడు. "ఇంటిల్లిపాదీ భోజనాలబల్ల చుట్టూ ఉన్నారు. పాప మాత్రం లేదు! లేదని ఒక్కరూ గమనించలేదు! ఎంత చురక!"

చప్పట్లు మార్మోగాయి. చిత్రకారిణి ఆ పేజీని మళ్ళీ చూసింది. పాపను గీయడం ఆమె మరిచిపోయింది. కూతురు చెప్పబోయింది అదే.

సిగ్గుపడుతూ మైకు అందుకుంది. "ఇది ముందు చూసింది మా అమ్మాయండీ," అని పిల్లను వేదిక మీదికి పిలిచింది.

"అమ్మ గియ్యడం మర్చిపోయింది," అంది పిల్ల. "మూడుసార్లు చెప్పబోయాను. ఎవరూ వినలేదు."

సభంతా పొట్ట పట్టుకుని నవ్వింది. "తల్లిని మించిన హాస్యం!" అన్నాడు విమర్శకుడు కళ్ళు తుడుచుకుంటూ.

"కాదండీ, అది నిజమే," అంది చిత్రకారిణి. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.