‘హ’ లేని పాట

“మళ్ళీ గెంతించారు మాస్టారూ! పై మెట్టుకి ముందు ‘హ’ రావాలి కదా, ఏదీ?” లుద్మిలా పాట ఆపేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

టెరెజీన్ నిర్బంధ శిబిరంలో బ్యారక్సు అటక మీద సాధన నడుస్తోంది. స్వరాలను అక్షరాలతో పిలవడం అక్కడి సంగీతగాళ్ళ అలవాటు; ఏడో స్వరం పేరు ‘హ’. కాళ్ళు విరిగిన పియానోను చెక్కపెట్టెల మీద నిలబెట్టి వాయిస్తున్నారు లెడరర్ మాస్టారు. ఒకప్పుడు ప్రాగ్‌లో ఆయన కొత్త పాట కట్టారంటే హాలు కిటకిటలాడేది. యూదుడన్న నేరానికి ముందు ఆ హాలు పోయింది, తర్వాత ఇల్లు పోయింది. ఈ కాపలా గోడల మధ్య ఆయనకు మిగిలింది పంతం ఒక్కటే.

“నా పాటలో ‘హ’ ఉండదమ్మాయ్. గెంతే పాడు.”

“పన్నూడిన నోరులా ఉందండీ!”

“ఉండనీ. ఆ పన్ను నేనే పీకాను. మా మినా ఉంటే పడీ పడీ నవ్వేది.”

ఫిడేలు వాయించే బెద్రిఖ్ లుద్మిలా చెవిలో గొణిగాడు. “ఊరుకోవే తల్లీ. ఆయన భార్య పేరు హెర్మీనా. నిరుడు ఆవిణ్ణి తూర్పు రైలెక్కించారు, ఎక్కినవాళ్ళెవరూ తిరిగిరాని రైలు. అప్పట్నుంచీ ఆ అక్షరం ముట్టడు.”

లుద్మిలా మళ్ళీ మొదటి నుంచి పాట అందుకుంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ‘హ’ గురించి అడగలేదు.

కచేరీ ముందురోజు హాల్లో ఆఖరి సాధన. బూట్లు టకటకలాడిస్తూ శిబిరం అధికారి వచ్చాడు. గోడ మీది నాయకుడి పటానికి చెయ్యెత్తి వందనం చేసి కూర్చున్నాడు. ఖర్మకొద్దీ అతనికి సంగీతం తెలుసు.

“ఆపండి! ఆ స్వరం ఎందుకు మింగేస్తున్నారు? రేపు విదేశీ అతిథుల ముందు మా పరువు తీద్దామనా?”

“పాట అంతేనండీ,” అన్నారు మాస్టారు.

“స్వరం పెట్టు. లేదా రేపటి రైలెక్కు.”

“పెట్టను.”

లుద్మిలా ఒక్క ఉదుటున ముందుకొచ్చింది.

“అయ్యా, కోప్పడకండి! ఆయన భార్య పేరు హెర్మీనా. ఆవిడ మీద బెంగతో ఆ అక్షరం తలవడం మానేశారు. అంతేనండీ!”

మాస్టారు రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. భుజాలు కుదిలిపోతున్నాయి. అయ్యో, ఎంత ఏడిపించాను పెద్దాయన్ని అనుకుంది లుద్మిలా.

అధికారి కనుబొమలు ఎగరేశాడు. “పెళ్ళామంటే ఇంత ప్రేమా! విచిత్రమే. సరే, అలాగే కానీ.”

మర్నాడు ముందు వరుసలో విదేశీ అతిథుల చుట్టూ యూనిఫారాలే. లుద్మిలా తల నిటారుగా పెట్టి పాడింది. గెంతాల్సిన చోటల్లా గొంతు తొణక్కుండా గెంతింది. వెనక బెంచీల మీద బక్కచిక్కిన తనవాళ్ళు ఒక్కొక్కరే నడుం నిలబెట్టి కూర్చోవడం చూసి ఆమె గొంతు ఇంకా హెచ్చింది. ‘హ’ లేని ప్రతిచోటా అధికారి జాలిగా తల పంకించాడు. పాట అయ్యాక అందరికంటే ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది అతనే.

తెర వెనక్కి రాగానే లుద్మిలా కళ్ళు తుడుచుకుంది. “హెర్మీనమ్మగారు వింటే ఎంత పొంగిపోయేవారో మాస్టారూ!”

“ఏడుస్తావేంటే పిచ్చిపిల్లా? నిన్న నేను నవ్వాపుకోలేక చచ్చాను.”

“నవ్వా!”

“పెళ్ళినాటి నుంచీ తనని మినా అనే పిలిచాను. తన కోసమే అయితే ‘హ’ని వరుస వరుసకీ పెట్టుకునేవాణ్ణి కాదూ?”

“మరి ఎందుకు తీసేశారు?”

మాస్టారు ఛాతీ విరుచుకుని నిలబడ్డారు. తెర సందులోంచి గోడ మీది పటాన్ని గడ్డంతో చూపించారు.

“హిట్లర్‌కి నా పాటలో చోటు లేదు.”