అరగంట తేడా

మేడ మీది గడియారం మళ్లీ వెనకబడింది. ఈసారి ఏకంగా అరగంట.

మోటారు వైండింగ్ మేస్త్రి గుమ్మంలోనే ఆగిపోయాడు. కింద తన షాపు గోడ గడియారంలో ఏడు చూసి మరీ షట్టర్ దించి వచ్చాడు. ఇక్కడ ఆరున్నర! కిందటి వారం ఐదు నిమిషాలే తేడా. మొన్న పావుగంట. తెలిసినా నోరు మెదపలేదు, ముల్లూ సరిచెయ్యలేదు. దొంగను ముందే బెదరగొడితే దొరకడుగా!

ఇంకొకరైతే గడియారం పాడైందనుకుని ఊరుకునేవారు. కాలిన మోటార్లకు తీగ చుట్టి బతికే మనిషి ఊరుకోగలడా? రెండు గడియారాలూ ఆయన బిగించినవే. రెండూ ప్లగ్గుకు తగిలించేవే. లోపలున్నది సింక్రోనస్ మోటారు. అటూ ఇటూ ఊగే కరెంటుతో సమంగా అడుగేస్తుంది. బద్ధకించి నెమ్మదిగా నడవడం దానికి చేతకాదు. నడిస్తే సరిగ్గా నడుస్తుంది, లేదంటే పూర్తిగా ఆగిపోతుంది.

అంటే ఇది ఆగింది. కరెంటు పోయి ఉంటే షాపులోదీ ఆగాలి కదా? కాబట్టి ఎవరో ప్లగ్గు పీకారు. అంతటితో అయిపోలేదు. ఈ పాతరకం మోటారు తనంతట తాను కదలదు. గడియారం వెనకున్న బొడిపెను వేలితో గిర్రున తిప్పి ఊపు అందించాలి. ఆ కిటుకు ఆయన నేర్పింది ఒక్క భార్యకే.

మేస్త్రికి ఒళ్లు మండింది. ఆ గదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు పాయింటు. గడియారం తీసేసి అందులో ఏం పెడుతోంది? ఎవరికోసం?

భార్య వంటింట్లోంచి వచ్చింది. ముఖం కడుక్కుని, పెట్టెలో దాచుకున్న మంచి చీర తీసి కట్టుకుని ఉంది. బల్ల మీద రెండు టీ గ్లాసులు. ఈ వేళకు టీ తాగే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

“ఎవరొచ్చారివాళ?”

“ఎవరొస్తారండీ?”

ఆమె చూపు గడియారం వైపు వెళ్లి, గబుక్కున నేలకు దిగింది. మేస్త్రి అది కనిపెట్టాడు.

“దీన్నెందుకు ఆపుతున్నావ్?”

ఆమె ముఖం పాలిపోయింది. “నేను ఆపలేదండీ.”

“ఓహో! అదే ప్లగ్గు పీక్కుని, మళ్లీ అదే వేలు పెట్టి తిప్పుకుందా? ఎవరికి చెప్తావే కబుర్లు? పాతికేళ్లుగా మోటార్లు చూస్తున్నా. అవి అబద్ధం ఆడవు.”

“మీరు అనుకుంటున్నట్టు...”

“ఇంకేం చెప్పొద్దు. బట్టలు సర్దుకో. రేపు మీ అన్నయ్య ఇంట్లో దింపేసి వస్తా.”

అన్నాడే కానీ, ఆయనకు ఆమె లేని ఇల్లు తలచుకుంటేనే భయమేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. 

ఆమె కుర్చీలో కూలబడింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తలెత్తకుండానే అంది:

“ఈ గడియారం జోలికి నేను పోనే లేదండీ, మీరు మోటార్లలో తల దూర్చి ఉన్నప్పుడు కింద షాపు గడియారం ముల్లునే కాస్త కాస్తగా ముందుకు తోస్తున్నా, ఓ అరగంటైనా తొందరగా ఇంటికొస్తారని.”